నాలుక కింద మాత్ర

సంచి నిండిపోయింది. పెట్టవలసినవి ఇంకా మంచం మీదే ఉన్నాయి. తెల్ల యూనిఫారాలు అడుగున పెట్టాలా, పైన పెట్టాలా అని తల్లీ కూతుళ్ళ మధ్య పొద్దుటి నుంచి చిన్న యుద్ధం నడుస్తోంది. తల్లి లాండ్రీలో ఇస్త్రీ పని చేస్తుంది. మడతల విషయంలో ఆవిడ ఎవరి మాటా వినదు.

"పైన పెడితే దిగగానే తీసుకోవచ్చమ్మా. రేపు పొద్దున్నే డ్యూటీ."

"అడుగున పెడితే మడత చెదరదు. నలిగిన బట్టలతో వార్డులోకి వెళ్ళావంటే నిన్నే పేషెంటనుకుని మంచం చూపిస్తారు."

నిన్న సాయంత్రం పెరట్లో కుళాయి కింద అన్న ప్యాంటు ఉతుకుతున్న చెల్లెలి వేళ్ళకి జేబు మూలలో సున్నంలా ముద్ద కట్టిన తెల్లటిదేదో తగిలింది. మానసిక ఆరోగ్య నర్సింగులో డిగ్రీ ఆఖరి ఏడాది చదువుతున్న పిల్ల. అదేమిటో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. అవి అన్న మాత్రలు. అమ్మ చేత్తో ఇవ్వగా, అమ్మ కళ్ళ ముందు నోట్లో వేసుకుని నీళ్ళు తాగిన మాత్రలు. నోట్లోకి వెళ్ళినవి జేబులోకి ఎలా వచ్చాయి? అమ్మకు చెప్పలేదు. అన్నను అడగలేదు. తెల్లారిపోయింది. మధ్యాహ్నం బస్సు. రేపటి నుంచి వేరే ఊళ్ళో పెద్ద మానసిక వైద్యశాలలో ఆఖరి పోస్టింగు. మొదటి రోజు కనబడకపోతే పోస్టింగు పోతుంది, పోస్టింగు పోతే ఏడాది పోతుంది.

వీళ్ళిద్దరూ మడతల గురించి వాదించుకుంటూంటే, మంచానికి అటు చివర అన్న కూర్చుని ఊడిపోయిన జిప్పు బాగుచేస్తున్నాడు. అతనిది మోటారు వైండింగు పని. కాలిపోయిన మోటార్లలో పాత తీగ తీసేసి కొత్త రాగి తీగ చుట్టి, మళ్ళీ ప్రాణం పోసి పంపుతాడు. ఇంట్లో ఏది తెగినా రాగి తీగే అతని మందు. వెంట్రుకంత సన్నటి తీగ ముక్క ఒకటి తీసి, జిప్పు పిడికి ఉన్న చిన్న బెజ్జంలో పెట్టాడు. ఒక్కసారికే దూరింది. రెండు మెలికలు తిప్పాడు. కొస కత్తిరించాడు.

"చూడవే కందిరీగా, ఇక నీ సంచి పోయినా ఈ జిప్పు పోదు."

కుదురుగా ఒకచోట నిలబడదని చిన్నప్పుడు అతను పెట్టిన పేరు అది. కందిరీగ నవ్వలేదు. అతని చేతుల వైపు చూస్తోంది. ఏడాదిగా ఆ చేతులు వణుకుతూనే ఉన్నాయి. గ్లాసు పట్టుకుంటే అంచు పంటికి కొట్టుకునేది. చొక్కా గుండీలు అమ్మ పెట్టేది. ఇవాళ ఆ చేతుల్లో వణుకు లేదు. చెల్లెలిగా ఆమె ప్రాణం లేచొచ్చింది. నర్సుగా గుండె గుభేలుమంది. ఆ వణుకు మాత్రల వల్ల వచ్చింది. వణుకు పోయిందంటే మాత్రలు పోయి చాలా రోజులైంది.

ప్రయాణం ఉన్న ఇంట్లో అందరి కళ్ళూ సంచి మీదే ఉంటాయి. ఆమె కూడా ఈ నాలుగు రోజులూ సంచినే చూసింది.

"పొద్దుటి మాత్ర వేసుకున్నావా అన్నా?"

"అమ్మ ఇంకా ఇవ్వలేదుగా."

తల్లి గూట్లోంచి మాత్ర తీసి, గ్లాసుతో నీళ్ళు ముంచి తెచ్చింది. చెల్లెలు లేచి ఆ రెండూ అందుకుంది.

"నేనిస్తానమ్మా."

అన్న మాత్ర నోట్లో వేసుకున్నాడు. నీళ్ళు తాగాడు. గొంతు ముడి పైకి లేచి దిగింది. ఖాళీ గ్లాసు ఇచ్చేశాడు. ఆమె కదల్లేదు. సర్దిన సంచిలోంచి చిన్న టార్చి బయటికి తీసింది, డ్యూటీలో జేబుకి తగిలించుకునేది.

"నోరు తెరువు."

ఆ గొంతు ఇంట్లో వాళ్ళెప్పుడూ విన్నది కాదు. వార్డులో మాత్రల వేళ, ఒకరి తరవాత ఒకరు వరసలో వస్తూంటే వాడే గొంతు. అందులో కోపం ఉండదు, జాలి ఉండదు. అలా ఉండాలనే నేర్పిస్తారు.

అన్న ఆమె ముఖంలోకి చూశాడు. నవ్వబోయి ఆగిపోయాడు. మెల్లిగా లేచి నిలబడ్డాడు. చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు. నోరు తెరిచాడు. ఆమె చెప్పకుండానే నాలుక పైకెత్తి పట్టుకున్నాడు. చెప్పకుండానే నాలుక దించి ఎడమకు తిప్పాడు, కుడికి తిప్పాడు. మూడు సంవత్సరాలుగా ఎన్ని నోళ్ళలోకి టార్చి వేసి చూసిందో ఆమెకే లెక్క లేదు. వాళ్ళంతా ఆ వరసను తమతో ఇంటికి మోసుకుపోతారని మాత్రం ఏనాడూ తట్టలేదు.

నాలుక కింద ఏమీ లేదు. ఆమె చేయి దించబోయింది.

"అక్కడ కాదు సిస్టర్," అన్నాడు అన్న. వేలితో తనే బుగ్గ లాగి చూపించాడు. "పైన, ఆఖరి పన్ను పక్కన. మీవాళ్ళు అందరూ నాలుక కిందే చూస్తారు."

తెల్లగా, తడిసి అంచులు కరుగుతూ మాత్ర అక్కడే ఉంది.

వార్డుల్లో నర్సుల్ని పిలిచే పిలుపే అది. తోడబుట్టినవాడి నోటి నుంచి వినేసరికి ఆమె టార్చి ఆర్పేసింది. తల్లి చేతిలోని యూనిఫారం మడత విడిపోయి నేల మీద జారింది.

"ఎన్నాళ్ళ నుంచిరా?"

అన్న మాత్రను అరచేతిలోకి ఉమ్మి, దాన్నే చూస్తున్నాడు.

"నా కళ్ళ ముందే నోట్లో వేసుకునేవాడివి కదరా! మా పిల్లాడు మాత్రలకి ఎప్పుడూ పేచీ పెట్టడని లాండ్రీలో అందరికీ చెప్పుకున్నానురా నేను."

"పేచీ పెట్టలేదుగా అమ్మా."

"నోరుమూసుకో."

"ఇందాకేమో ఇది తెరవమంటుంది, నువ్వేమో మూయమంటావు. ఇద్దరూ మాట్లాడుకుని ఒక మాట చెప్పండి."

తల్లికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎందుకు మానేశావన్నా?" అంది చెల్లెలు. అన్నాక నాలుక కరుచుకుంది. పేషెంటును ఎందుకు అని అడగకూడదని మొదటి ఏడాదే చెబుతారు. ఎందుకు అనగానే మనిషి బోనెక్కినట్టు బిగుసుకుపోతాడట. క్లాసులో ఒకరు పేషెంటుగా, ఒకరు నర్సుగా కూర్చుని ఆడే ఆటలో ఈ పిల్ల ఒక్కసారి కూడా తప్పలేదు. ఇంట్లో మొదటి మాటే తప్పింది.

అతను బిగుసుకుపోలేదు. కూర్చుని, సంచి పక్కన పడి ఉన్న తీగ ముక్కను తీసి రెండు వేళ్ళ మధ్య నిలబెట్టాడు. అది నిటారుగా, కదలకుండా నిలబడింది.

"చూశావా? ఏడాది నుంచి ఇది చేతకాలేదు నాకు. ఫ్యాను కాయిలు చుట్టలేను. మిక్సీ మోటారు ముట్టుకోనివ్వరు. పెద్ద పంపులు విప్పడం, బోల్టులు కడగడం, షాపు ఊడవడం. మా ఓనరు మంచివాడే. గిరాకీ వస్తే 'మా వణుకుడు మేస్త్రీకి టీ చెప్పండి, గ్లాసు సగమే పోయించండి, ఒలికిపోద్ది' అంటాడు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. నవ్వకపోతే మళ్ళీ రోగం తిరగబెట్టిందేమో అంటారుగా."

"ఆ వణుకు తగ్గడానికీ మందుంది అన్నా. డోసు మార్చొచ్చు, మాత్రే మార్చొచ్చు. డాక్టరుకి చెప్పాల్సింది."

"చెప్పాను. తల ఎత్తకుండా 'బుర్ర ముఖ్యమా, చేతులు ముఖ్యమా' అన్నాడు. నా బుర్ర చేతుల్లోనే ఉందని చెప్పలేకపోయాను. వెనక ఇంకో ఇరవై మంది నిలబడి ఉన్నారు."

"నాకు చెప్పొచ్చు కదా."

"నువ్వు ఫోన్ చేసి ఏమడుగుతావే? మాత్రలు వేసుకున్నావా, నిద్ర పట్టిందా, అన్నం తిన్నావా. నా చేతుల గురించి ఎప్పుడైనా అడిగావా?"

ఆమె అడగలేదు. కాదనడానికి ఏమీ లేదు. అయినా మూడేళ్ళ చదువు ఊరుకోనివ్వదు. కింద కూర్చుని, అతని కళ్ళకు సమానంగా తన కళ్ళు పెట్టి మొదలుపెట్టింది.

"నిద్ర పడుతోందా?"

"పడుతోంది. లేస్తోంది."

"ఎవరూ లేనప్పుడు ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపిస్తోందా?"

"నువ్వు మాట్లాడుతున్నట్టు వినిపిస్తోంది. ఆపమంటే ఆగట్లేదు."

"అన్నా."

ఆ పిలుపులో డ్యూటీ గొంతు లేదు. అతను తీగను కింద పెట్టాడు.

"షాపులో మరమ్మతుకొచ్చిన ఫ్యాన్లుంటాయి చూడు, రెక్కలు తీసేసి వరసగా పెడతాం. అవి నా గురించి మాట్లాడుకుంటున్నాయని నాకు తెలుసు. ఫ్యాన్లు మాట్లాడవనీ తెలుసు. రెండూ తెలుసు. ఇప్పటికైతే రెండూ తెలుసు."

తల్లి గోడకు జారబడి కూర్చుండిపోయింది. పోయినసారి ఆ రెండోది తెలియకుండా పోయిన రోజున అతను పని మధ్యలో లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా లారీల రోడ్డు పట్టుకుని నడిచాడు. ఎవరో ఊరు కాని ఊళ్ళో ఆపి కూర్చోబెట్టి కబురు చేసేసరికి అరికాళ్ళు తోలు ఊడి ఉన్నాయి. ఆ కాళ్ళకు కట్టు కట్టింది ఈ చెల్లెలే. అప్పటికి ఆమె స్కూలు పిల్ల. ఈ చదువే చదవాలని అనుకున్నదీ అప్పుడే.

"నేను వెళ్ళను," అంది. "మా కాలేజీ మేడంకి ఫోన్ చేస్తాను."

"వెళ్తావు," అన్నాడు అన్న. "పిచ్చివాడి చెల్లెలన్న పేరు ఎలాగూ ఉంది నీకు. పిచ్చివాడి వల్ల చదువాగిపోయిన పిల్లన్న పేరు కూడా నా నెత్తిన పెట్టకు. నేను మొయ్యలేను."

అని లేచి పెరట్లోకి వెళ్ళి ముఖం కడుక్కోసాగాడు.

వంటగదిలో తల్లి కూతురి చేయి పట్టుకుని పొయ్యి పక్కకు లాగింది. గొంతు తగ్గించి మాట్లాడింది.

"మీ మామయ్యకి ఫోన్ చేశాను."

"ఎప్పుడు?"

"ఇప్పుడే, వాడు పెరట్లోకి వెళ్ళగానే. షాపులకి బ్రెడ్డు పంపకాలు అయిపోయాయట. వ్యాన్ తీసుకుని బస్ స్టాండుకి వస్తానన్నాడు. నీ సంచి మోయడానికి అన్నను రమ్మందాం. వస్తాడు. నువ్వు బస్సెక్కాక మామయ్య మాటల్లో పెట్టి వ్యాన్ ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్తాడు. తెలిసినవాళ్ళు ఇంకో ఇద్దరుంటారు."

"అమ్మా, మళ్ళీ అలాగేనా?"

మొదటిసారీ అలాగే జరిగింది. రొట్టెల కర్మాగారంలో పెద్ద మోటారు కాలిపోయింది, నువ్వే చూడాలిరా అని బ్రెడ్డు మామయ్య వ్యాన్ ఎక్కించుకున్నాడు. పనిముట్ల సంచి కూడా ఒళ్ళో పెట్టుకుని హుషారుగా వెళ్ళాడు పిల్లవాడు. వ్యాన్ ఆగింది ఆసుపత్రి గేటు లోపల. ఆ తరవాత చాలా కాలం అతను ఇంట్లో ఎవరు పెట్టిన అన్నమూ ముందు వాళ్ళు తిని చూపిస్తే గాని తినలేదు. బ్రెడ్డు ఇప్పటికీ ముట్టడు.

"అబద్ధం చెప్పి తీసుకొచ్చిన మనిషికి ఆ తరవాత మనం ఎంత నిజం చెప్పినా వినిపించదు," అని మేడం క్లాసులో అంది. పోయినేడు పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది. కందిరీగ రెండు పేజీలు రాసింది. ఆ జవాబును మేడం పైకి చదివి వినిపించింది కూడా.

"నిజం చెప్పి అడుగుదాం అమ్మా. వస్తాడేమో."

"రానంటే? నువ్వు వెళ్ళిపోయాక నేనొక్కదాన్నే వాణ్ణి పట్టుకోగలనా? నువ్వు ఉండిపోతే వాడు ఊరుకుంటాడా? ముందు నుయ్యి, వెనక గొయ్యి." తల్లి కళ్ళు తుడుచుకోవడం కూడా మానేసింది. "నన్ను తిట్టుకోనీ, ఉమ్మి వెయ్యనీ. ఆ అరికాళ్ళు మళ్ళీ చూడలేనే తల్లీ నేను."

చెల్లెలు తల ఊపలేదు. వద్దని మాత్రం అనలేదు. తల్లికి అది చాలింది.

గుమ్మం దగ్గర తల్లి కొడుకు చొక్కా పై గుండీ పెట్టింది. ఇవాళ ఆ చేతులకి ఆ సాయం అక్కర్లేదు. అయినా పెట్టింది. కాలరు సరిచేసింది, భుజం మీద లేని దుమ్ము దులిపింది.

"బస్సు కదిలేదాకా ఉండు నాన్నా."

"ఉంటాను."

"మధ్యలో వచ్చెయ్యకు."

"ఉంటానన్నానుగా. ఇవాళ నీకేమైందే అమ్మా, నన్ను పంపిస్తున్నావా, దాన్ని పంపిస్తున్నావా?"

తల్లి చటుక్కున లోపలికి వెళ్ళిపోయింది. పొయ్యి మీద ఏదో మాడుతోందంది. పొయ్యి వెలిగించే లేదు.

అన్న సంచి భుజాన వేసుకుని ముందు నడిచాడు. ఎండ గోడల మీంచి దిగి దారికి సగం పరుచుకుంది. మందుల షాపు, తాళాలు చేసేవాడి బల్ల, మూతపడ్డ సినిమా హాలు. అతను వైండింగ్ షాపు ఉన్న సందు రాగానే అవతలి పక్కకు దాటి నడిచాడు. ఆమె గమనించింది. గమనించినట్టు అతనూ గమనించాడు.

"రాసుకోవే, రాసుకో. 'పేషెంటు రోడ్డు దాటెను.'"

"నేనేం రాసుకోవట్లేదు."

"రేపు వార్డులో కొత్తగా ఎవడైనా వస్తే నాదో మాట గుర్తుపెట్టుకో. ముందు చెప్పులు తీసేసుకుంటారు కదా. ఎక్కడ పెట్టారో వాడికి చూపించు. అవి ఖరీదైనవని కాదు ఏడిచేది. చెప్పులు ఇస్తే పంపిస్తారని లెక్క. ఎక్కడున్నాయో తెలియకపోతే ఇక పంపరేమో అనిపిస్తుంది."

"నీవి ఎక్కడ పెట్టారు?"

"నాకేం తెలుసు? వచ్చేటప్పుడు వేరేవాడివి ఇచ్చారు. రెండూ ఎడమ కాలివే."

ఆమె నవ్వింది. నవ్వుతూనే కళ్ళలో నీళ్ళు వచ్చాయి. అడకత్తెరలో పోకచెక్కలా ఉంది ప్రాణం. ఇప్పుడు చెప్పనా, ఆ మూల తిరిగాక చెప్పనా, బస్సు ఎక్కాక కిటికీలోంచి చెప్పనా? చెబితే వెనక్కి తిరిగి పారిపోతాడేమో. చెప్పకపోతే వ్యాన్ తలుపు మూసుకున్నాక తన పేరే తలుచుకుంటాడు. అమ్మను తిట్టుకుంటాడు, మామయ్యను తిట్టుకుంటాడు. తనను మాత్రం తిట్టుకోడు. ఇదీ వాళ్ళతో చేరిందా అనుకుని అక్కడితో ఆపేస్తాడు. ఆ ఆపెయ్యడమే ఆమె భరించలేనిది.

బస్ స్టాండులో ఆమె బస్సు వచ్చి నిలబడి ఉంది. అన్న లోపలికెక్కి కిటికీ పక్క సీటు చూసి, సంచిని పైన అరలో అడ్డంగా తోశాడు. జారకుండా రెండుసార్లు లాగి చూశాడు. దిగి వెళ్ళి నీళ్ళ సీసా కొనుక్కొచ్చాడు. అవతల, టికెట్ల గది దాటాక, రాగిరంగు వ్యాన్ ఒకటి చెట్టు నీడలో ఆగి ఉంది. దాని పక్కన మామయ్య ఇటు చూడనట్టు నిలబడి, ఇటే చూస్తున్నాడు.

డ్రైవరు ఎక్కాడు. ఇంజను మోగింది. మెట్టు మీద ఒక కాలు, కింద ఒక కాలు పెట్టి ఆమె ఆగిపోయింది.

"అన్నా. అక్కడ మామయ్య ఉన్నాడు. నిన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి వచ్చాడు. సంచి కోసం కాదు నిన్ను రమ్మన్నది. నాకు ముందే తెలుసు."

ఊపిరి తీసుకోకుండా అనేసింది. పారిపోతాడేమోనని అతని చొక్కా చెయ్యి పట్టుకుంది.

అన్న ఆ చేతిని విదిలించుకోలేదు.

"మన వీధి మలుపులోనే చూశాను ఆ వ్యాన్‌ని. మనకన్నా ముందు పోయింది. ఊరంతటికీ బ్రెడ్డు వాసన కొడుతూ పోతే తెలియదా?"

"తెలిసీ ఎందుకొచ్చావు?" మళ్ళీ ఆ మాటే. ఈసారి ఆమెకు తప్పనిపించలేదు.

"నువ్వు చెప్తావో, చెప్పకుండా బస్సెక్కేస్తావో చూద్దామని." కొంచెం ఆగాడు. "చాలా ఆలస్యంగా చెప్పావే కందిరీగా. చెప్పావులే, అది చాలు."

కండక్టరు తలుపు దగ్గర నిలబడి, ఎక్కితే ఎక్కమ్మా, దిగితే దిగమ్మా, ఊగకమ్మా అన్నాడు.

"నాతో రా అన్నా. ఇద్దరం మామయ్య దగ్గరికి వెళ్దాం. నేను డాక్టరుతో మాట్లాడతాను, చేతుల గురించి నేను చెప్తాను. తల ఎత్తేదాకా చెప్తాను. ఈ బస్సు పోతే పోనీ."

"రేపు నీ కోసం ఒక వార్డు నిండా జనం ఎదురు చూస్తూంటారు. ఎక్కు. నా కాళ్ళు, నా చేతులు, నేను నడిచి వెళ్ళలేనా అంత దూరం? ఈసారి ఎవరూ ఎత్తి వెయ్యకుండా నేనే వెళ్ళి ఎక్కుతాను ఆ వ్యాన్."

"నిజంగా వెళ్తావా?"

"నన్ను నమ్ముతావా, నోరు తెరిచి చూపించనా?"

పట్టుకున్న చొక్కా వదిలేసింది. వదలకుండా ఉండవలసిందా అన్నది ఆ తరవాత ఆమె ఎందరినో అడిగింది. మేడంని అడిగింది, పెద్ద డాక్టరును అడిగింది. పరీక్షలో అలాంటి ప్రశ్నకి ఇలా రాస్తే మార్కులు పడతాయని చెప్పగలిగారు గాని, ఆ మెట్టు మీద ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేకపోయారు.

ఆమె ఎక్కింది. బస్సు వెనక్కి వచ్చి, తిరిగింది. కిటికీలోంచి మెడ సాచి చూసింది. అన్న జనం మధ్య నుంచి టికెట్ల గది వైపే నడుస్తున్నాడు, తొందర లేకుండా, చేతులు రెండూ పక్కన వదిలేసి. వ్యాన్ ఉన్న వైపే. మామయ్య సిగరెట్టు పారేసి రెండడుగులు ముందుకు వేశాడు. అంతలో లోపలికి వస్తున్న బస్సు ఒకటి మధ్యలో అడ్డం వచ్చింది. అది దాటేసరికి ఈ బస్సు గేటు దాటి రోడ్డెక్కింది.

వెళ్తున్నాడు కదా అనుకుని ఆమె వెనక్కి చేరగిలబడింది. ఊరు దాటేదాకా ఏడ్చింది. ఊరు దాటాక తేలిగ్గా అనిపించి నిద్రపోయింది.

మామయ్య చీకటి పడేదాకా బస్ స్టాండులోనే తిరిగాడు. తెలిసినవాళ్ళు తలో దారి పట్టి వెతికారు. తల్లి గుమ్మంలో దీపం వెలిగించి, తలుపు తీసే ఉంచింది. అన్న ఆ వ్యాన్ దగ్గరికి రాలేదు. ఆ మంగళవారం మధ్యాహ్నం బస్ స్టాండుకి వెళ్ళిన అన్న మళ్ళీ ఇంటికి రాలేదు, ఆ రోజూ రాలేదు, ఆ తరవాత ఏనాడూ రాలేదు.